టెక్సస్ సెనేట్ ఎన్నిక: మీ బ్యాలట్‌లో ఆ పేరు ఎందుకు లేదు, అసలు పోటీ ఎప్పుడు జరుగుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఫ్రిస్కోలో ఉంటున్నారు. మీకూ అమ్మానాన్నలకూ ఈమధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది. 2026 నమూనా బ్యాలట్‌లో యూఎస్ సెనేటర్ పదవి ఉంది గానీ స్టేట్ సెనేటర్ పదవి లేదు. హ్యూస్టన్ వైపున్న మీ బావగారి బ్యాలట్‌లో మాత్రం ఉంది. ఎందుకలా? ఇది మన ఎమ్మెల్సీ ఎన్నిక లాంటిదా? హెచ్‌1బీ మీద ఉన్న తమ్ముడికి దీనితో ఏమైనా పనుందా? బావగారు ఎప్పటికైనా నిలబడాలంటే ఏం చేయాలి?

మీ బ్యాలట్‌లో పొరపాటేమీ లేదు. టెక్సస్ సెనేట్‌లో 31 సీట్లు, పదవీకాలం నాలుగేళ్లు. అన్నిటికీ ఒకేసారి ఎన్నిక జరగదు. సరి సంవత్సరాల్లో దాదాపు సగం చొప్పున జరుగుతుంది. 2024లో 15 డిస్ట్రిక్టులకు, అంటే నియోజకవర్గాలకు, అయింది, మిగిలిన 16 సీట్ల వంతు 2026. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ చుట్టుపక్కల ఉన్న 8, 12, 30 నంబర్ల డిస్ట్రిక్టులు మూడూ 2024లో అయిపోయినవే. వాటిలో ఉన్నవాళ్లకు మళ్లీ 2028లోనే. మీ ఇల్లు ఏ నంబరులో పడుతుందో టెక్సస్ శాసనసభ వెబ్‌సైట్‌లో 'హూ రిప్రజెంట్స్ మీ' అనే పేజీలో అడ్రస్ కొట్టి చూసుకోండి. ఫ్రిస్కో ఊరే కాలిన్, డెంటన్ అని రెండు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఉంది. కాబట్టి పక్క కాలనీలో ఉన్న స్నేహితుడి డిస్ట్రిక్టే మీదీ అనుకోవద్దు.

ఎవరు ఏ సగంలో పడాలన్నది చీటీలు తీసి తేల్చారు. రాష్ట్ర రాజ్యాంగం మూడో ఆర్టికల్‌లోనే అలా రాసి ఉంది. పదేళ్లకోసారి జనాభా లెక్కల తర్వాత సరిహద్దులు మార్చినప్పుడు 31 సీట్లకూ ఒకేసారి ఎన్నిక పెట్టాలి. గెలిచినవాళ్లు సభలో చీటీలు తీయాలి. సగం మందికి రెండేళ్లు, సగం మందికి నాలుగేళ్లు వస్తాయి. 2022లో అందరికీ ఎన్నిక జరిగింది, 2023 జనవరిలో చీటీలు తీశారు. రెండేళ్ల చీటీ వచ్చిన సీట్లకు 2022, 2024, 2028, 2032లో ఎన్నిక. నాలుగేళ్లది వచ్చినవాటికి 2022, 2026, 2030, మళ్లీ వెంటనే 2032. అంటే 2030లో గెలిచేవాళ్లకు దక్కేది రెండేళ్లే. పోటీ ఆలోచన ఉన్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

చీటీ ఎంత పని చేస్తుందో దక్షిణ టెక్సస్‌లోని 27వ డిస్ట్రిక్ట్ చూస్తే తెలుస్తుంది. 2022లో డెమోక్రాట్ మోర్గాన్ లామాంటియా అక్కడ వెయ్యి ఓట్ల లోపు తేడాతో గెలిచారు. చీటీలో రెండేళ్లే వచ్చాయి. రిపబ్లికన్ గాలి బలంగా వీచిన 2024 అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో మళ్లీ నిలబడాల్సి వచ్చి, రిపబ్లికన్ ఆడమ్ హినోహోసా చేతిలో ఓడిపోయారు. నాలుగేళ్ల చీటీ వచ్చి ఉంటే 2026 దాకా ఆ సీటుకు ఎన్నికే లేదు. ఆ ఒక్క సీటుతో సభలో రిపబ్లికన్లు, డెమోక్రాట్ల లెక్క 19–12 నుంచి 20–11కి మారింది.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. 2025 ఆగస్టులో టెక్సస్ శాసనసభ మళ్లీ గీసింది అమెరికా కాంగ్రెస్ డిస్ట్రిక్టుల్ని. స్టేట్ సెనేట్ గీతలు ముట్టుకోలేదు. వాట్సాప్ గ్రూపుల్లో రెండూ కలిపేసి 'మన సెనేట్ డిస్ట్రిక్ట్ మారిపోయింది' అని తిప్పారు. అది నిజం కాదు.

ఎమ్మెల్సీతో పోలిక దాదాపు ఎక్కడా కుదరదు. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది, తెలంగాణలో 40 మంది. వాళ్లను ఎమ్మెల్యేలు, స్థానిక సంస్థల సభ్యులు, పట్టభద్రులు, ఉపాధ్యాయులు వేర్వేరుగా ఎన్నుకుంటారు, కొందరిని గవర్నర్ నామినేట్ చేస్తారు. మండలిని రద్దు చేయనూ వచ్చు, తిరిగి పెట్టనూ వచ్చు. ఎన్టీఆర్ హయాంలో 1985లో పోయిన మండలి 2007లో తిరిగొచ్చింది. టెక్సస్ సెనేటర్‌ను ఆ డిస్ట్రిక్ట్ ఓటర్లందరూ నేరుగా ఎన్నుకుంటారు. ప్రాధాన్య ఓట్లు లేవు, నామినేషన్ సీట్లు లేవు. అధికారంలో కూడా ఇది కింది సభకు సమానం. పన్ను పెంచే బిల్లు ఆ కింది సభలోనే (హౌస్) మొదలవ్వాలన్న ఒక్క నియమం తప్ప, సెనేట్ ఒప్పుకోకపోతే ఏ బిల్లూ చట్టం కాదు. ఆస్తి పన్ను, స్కూళ్ల నిధులు, యూనివర్సిటీ ఫీజుల విధానం వంటివన్నీ ఇక్కడ తేలేవే. వాషింగ్టన్‌లో ఉండే ఇద్దరు యూఎస్ సెనేటర్లకూ ఈ 31 మందికీ సంబంధం లేదు.

ఒక్కో సెనేటర్ సుమారు 9,40,000 మందికి ప్రతినిధి. అమెరికా కాంగ్రెస్ సభ్యుడి డిస్ట్రిక్ట్ కంటే ఇది పెద్దది. 31కి మించి సీట్లు పెంచకూడదని రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి జనాభా పెరిగే కొద్దీ ఈ సంఖ్య పెరగడమే. రాష్ట్రాల ఎగువ సభలైనా సరే జనాభా ప్రకారమే సమానంగా విడగొట్టాలని 1964లో రేనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కౌంటీకో సెనేటర్ అనే పాత పద్ధతులు దాంతో పోయాయి.

మీ తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఆ జనాభాలో ఎవరిని లెక్కపెట్టాలి, అందరినా, ఓటు హక్కున్నవాళ్లనేనా? సరిగ్గా టెక్సస్ సెనేట్ డిస్ట్రిక్టుల మీదే ఈ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎవెన్వెల్ వర్సెస్ అబాట్, 2016. మొత్తం జనాభా ప్రకారం గీయడం చెల్లుతుందని న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంగా తేల్చారు. అంటే హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లూ, హెచ్4 మీద ఉన్న భార్యాపిల్లలూ ఆ 9,40,000 లెక్కలో ఉన్నారు. ఓటు లేదు గానీ వాళ్లూ ఆ సెనేటర్ ప్రజలే. పిల్లాడి స్కూలు సమస్య మీదో, డ్రైవింగ్ లైసెన్స్ చిక్కు మీదో సెనేటర్ ఆఫీసుకు ఫోన్ చేయడానికి సిటిజన్ అయ్యుండక్కర్లేదు. మనవాళ్లు దీన్ని చాలా తక్కువ వాడుకుంటారు.

ఇక నవంబర్‌లో జరిగే తుది ఎన్నిక సంగతి. టెక్సస్ సెనేట్ సీట్లలో చాలావాటికి నవంబర్ పోటీ లాంఛనమే. డిస్ట్రిక్టుల గీతలే ఒక్కోదాన్ని ఒక్కో పార్టీకి ఖాయం చేసేలా ఉంటాయి. 2022లో 31 సీట్లకూ ఎన్నిక జరిగితే పార్టీ మారింది ఒక్క 10వ డిస్ట్రిక్టే. అది కూడా ఓటర్లు మనసు మార్చుకుని కాదు. అప్పటిదాకా టారంట్ కౌంటీ లోపలే ఉన్న ఆ డిస్ట్రిక్టుకు 2021 పటంలో పడమటి వైపు గ్రామీణ కౌంటీలు కలిపారు. అక్కడి డెమోక్రాట్ సెనేటర్ బెవర్లీ పవెల్ ఇక గెలవలేనని 2022 ఏప్రిల్‌లోనే తప్పుకున్నారు, సీటు రిపబ్లికన్ ఫిల్ కింగ్‌కు వెళ్లింది. 2024లో ఎన్నిక జరిగిన 15 సీట్లలో చేతులు మారింది పైన చెప్పిన 27 ఒక్కటే.

కాబట్టి అసలు ఎంపిక, ఒక్కో పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే మార్చి ప్రైమరీలోనూ, అక్కడ తేలకపోతే మే రనాఫ్‌లోనూ జరుగుతుంది. ప్రైమరీలో సగానికి మించి ఓట్లు రావాలి. రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రనాఫ్. నవంబర్‌లో మాత్రం ఆ నియమం లేదు, ఎక్కువ వచ్చినవాళ్లదే గెలుపు. 2026 క్యాలెండర్‌లో ప్రైమరీ మార్చి 3, రనాఫ్ మే 26, జనరల్ నవంబర్ 3. 2022 మార్చిలో రెండు పార్టీల ప్రైమరీల్లోనూ కలిపి ఓటేసినవాళ్లు సుమారు 30 లక్షలు. నమోదైనవాళ్లు 1.7 కోట్లకు పైగా. మే రనాఫ్‌కు వచ్చేవాళ్లు మరీ తక్కువ.

ఎంత తక్కువ మంది తేలుస్తారో హ్యూస్టన్‌లోని 15వ డిస్ట్రిక్ట్ చెబుతుంది. 1983 నుంచి అక్కడ సెనేటర్‌గా ఉన్న జాన్ విట్‌మైర్ హ్యూస్టన్ మేయర్‌గా గెలిచి వెళ్లడంతో సీటు ఖాళీ అయింది. 2024లో అక్కడి ఓటర్ల ముందుకు అదే సీటు నాలుగుసార్లు వచ్చింది: మార్చిలో ప్రైమరీ, మే మొదట్లో మిగిలిన కాలానికి ప్రత్యేక ఎన్నిక, మే చివర్లో రనాఫ్, నవంబర్‌లో జనరల్. రనాఫ్‌లో మాలీ కుక్ వంద ఓట్ల లోపు తేడాతో గెలిచారు. తొమ్మిది లక్షల పైచిలుకు జనం ఉన్నచోట వంద ఓట్ల లోపు. ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో మనవాళ్లే అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ ఉండదు. మార్చిలో పోలింగ్ కేంద్రానికి వెళ్లినప్పుడు ఏ పార్టీ బ్యాలట్ కావాలో అప్పుడు చెప్తారు. ఆ ఒక్క ఎన్నికల సంవత్సరానికే అది వర్తిస్తుంది, నవంబర్‌లో ఎవరికైనా వేసుకోవచ్చు. తిరకాసు రనాఫ్‌లో ఉంది. మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేస్తే మేలో రెండో పార్టీ రనాఫ్‌లోకి వెళ్లనివ్వరు. మార్చిలో అసలు ఓటేయనివాళ్లు మాత్రం మేలో ఏదైనా ఒకటి ఎంచుకోవచ్చు. మీ డిస్ట్రిక్ట్ ఏ పార్టీకి ఖాయమో చూసుకుని, ఆ పార్టీ ప్రైమరీలో ఓటేస్తేనే మీ మాటకు విలువ అని నేను చాలామందికి చెప్తుంటాను. మనసుకు నచ్చిన పార్టీ వేరైతే ఇబ్బందిగానే ఉంటుంది. కానీ చట్టం దీన్ని ఒప్పుకుంటుంది, రెండు వైపుల వాళ్లూ చేస్తారు.

పదవీకాలం మధ్యలో సీటు ఖాళీ అయితే గవర్నర్ ప్రత్యేక ఎన్నిక పెడతారు. దానికి పార్టీ ప్రైమరీ ఉండదు. అన్ని పార్టీల వాళ్లూ ఒకే బ్యాలట్‌లో ఉంటారు, సగం దాటకపోతే రనాఫ్. అలవాటైన లెక్కలు ఇక్కడ తప్పుతాయి. శాన్ ఆంటోనియో నుంచి పడమరగా సాగే 19వ డిస్ట్రిక్ట్ డెమోక్రాట్లదే అనుకునేవాళ్లు. కార్లోస్ యురెస్టీ శిక్ష పడి రాజీనామా చేశాక 2018 సెప్టెంబర్ రనాఫ్‌లో రిపబ్లికన్ పీట్ ఫ్లోరెస్ దాన్ని గెలుచుకున్నారు. అధ్యక్ష ఎన్నికలతో పాటు ఎక్కువమంది ఓటుకొచ్చిన 2020లో అది మళ్లీ డెమోక్రాట్లకు వెళ్లింది.

సెనేట్‌లో ఒక్క సీటు అటూ ఇటూ అయితే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. సభకు అధ్యక్షత వహించేది లెఫ్టినెంట్ గవర్నర్. 2015 నుంచి డాన్ పాట్రిక్. కమిటీలు వేసేదీ, ఏ బిల్లు ఏ కమిటీకి పోవాలో తేల్చేదీ ఆయనే. అందుకే సెనేట్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు లెఫ్టినెంట్ గవర్నర్ ఎన్నికను అంతే శ్రద్ధగా చూడాలి. మీ బ్యాలట్‌లో ఈసారి సెనేటర్ లేకపోయినా 2026లో ఆ పదవి ఉంది. బిల్లును చర్చకు తేవాలంటే మామూలు మెజారిటీ చాలదు. ఒకప్పుడు మూడింట రెండు వంతులు కావాల్సి వచ్చేది, 2015లో ఐదింట మూడుకు, 2021లో తొమ్మిదింట ఐదుకు తగ్గించారు. 31 మందిలో అది 18. 2020 ఎన్నికల తర్వాత రిపబ్లికన్లు సరిగ్గా 18 మంది ఉన్నారు. కొత్త నియమం ఆ సంఖ్యకు అమిరిందని వేరే చెప్పక్కర్లేదు.

గవర్నర్ వేసిన నియామకాలకు మాత్రం మూడింట రెండు వంతుల నియమం అలాగే ఉంది. కొత్తగా సిటిజన్లయినవాళ్లకు నేరుగా తగిలిన ఉదాహరణ 2019లో వచ్చింది. రాష్ట్ర ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ డేవిడ్ విట్లీ కార్యాలయం ఆ జనవరిలో, సిటిజన్లు కాకుండానే ఓటర్లుగా ఉన్నారన్న అనుమానంతో సుమారు 95,000 పేర్ల జాబితా కౌంటీలకు పంపింది. అందులో వేలమంది పక్కా సిటిజన్లు. గ్రీన్ కార్డ్ మీద ఉన్నప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుని, తర్వాత సిటిజన్‌షిప్ తెచ్చుకుని ఓటు నమోదు చేసుకున్నవాళ్లు. లైసెన్స్ ఆఫీసు రికార్డులో వాళ్లు ఇంకా గ్రీన్ కార్డ్ వాళ్లే. కోర్టు కేసులు పడ్డాయి, ఏప్రిల్‌లో రాజీ కుదిరి జాబితా వెనక్కి తీసుకున్నారు. విట్లీ నియామకానికి సెనేట్ ఆమోదం కావాలి. 12 మంది డెమోక్రాట్లు ఒప్పుకోకపోవడంతో మూడింట రెండు వంతులు రాలేదు. మే చివర్లో సమావేశాల ఆఖరి రోజున ఆయన తప్పుకున్నారు. 12కు బదులు పదిమందే ఉండి ఉంటే ఆ అడ్డం పడేది కాదు.

దీని నుంచి మీరు చేయాల్సిన పని ఒకటుంది. సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ లేదా యూఎస్ పాస్‌పోర్ట్ పట్టుకుని లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసుకు వెళ్లి లైసెన్స్ రికార్డు మార్పించుకోండి. లైసెన్స్ గడువు ఇంకా ఆరేళ్లుంది కదా అని ఆగొద్దు. సిటిజన్ అని రుజువు చూపమని కౌంటీ నుంచి ఉత్తరం వస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పేరు తీసేస్తారు. ఇండియా ప్రయాణంలో ఉండగా వచ్చే ఉత్తరాలతోనే ఎక్కువ చిక్కు, మెయిల్ చూసే మనిషిని పెట్టుకోండి.

ఓటరు నమోదుకు టెక్సస్‌లో మామూలుగా ఆన్‌లైన్ సదుపాయం లేదు, లైసెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకునేటప్పుడు తప్ప. సెక్రటరీ ఆఫ్ స్టేట్ సైట్‌లో వివరాలు నింపినా అది ప్రింట్ తీసి, సంతకం పెట్టి, కౌంటీకి పోస్టులో పంపాల్సిన కాగితమే. సబ్మిట్ నొక్కి అయిపోయిందనుకుని ఓటు పోగొట్టుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. ఎన్నికకు 30 రోజుల ముందు నమోదై ఉండాలి. 2026 నవంబర్ ఎన్నికకు ఆఖరు తేదీ అక్టోబర్ 5. కౌంటీ మారితే కొత్తగా నమోదు చేసుకోవాలి. ఫ్రిస్కోలో కాలిన్ వైపు నుంచి డెంటన్ వైపుకు ఇల్లు మారినా కౌంటీ మారినట్టే.

గ్రీన్ కార్డ్, హెచ్‌1బీ వాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. లైసెన్స్ కౌంటర్‌లో 'ఓటరుగా నమోదు చేయమంటారా' అని అడిగితే వద్దనండి. స్క్రీన్ మీద యూఎస్ సిటిజన్ అన్న గడి పొరపాటున కూడా టిక్ చేయకండి. సిటిజన్‌నని అబద్ధం చెప్పడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో క్షమించడం చాలా కష్టమైన తప్పు. తర్వాత గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఆగిపోవచ్చు, దేశం నుంచి పంపేయొచ్చు. గుడి దగ్గరో, కిరాణా కొట్టు దగ్గరో టేబుల్ వేసుకుని ఫారాలు నింపించే వాలంటీర్ మంచి ఉద్దేశంతోనే కాగితం చేతిలో పెడతాడు. సంతకం బాధ్యత మాత్రం మీదే.

పోలింగ్ రోజు సంగతులు తక్కువే. టెక్సస్ లైసెన్స్, యూఎస్ పాస్‌పోర్ట్, ఫోటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌లలో ఏదైనా చెల్లుతుంది. లైసెన్స్, పాస్‌పోర్ట్ గడువు దాటి నాలుగేళ్ల లోపైనా ఒప్పుకుంటారు, 70 దాటినవాళ్లకు ఆ పరిమితి కూడా లేదు. మన పేర్లతో ఒక సమస్య వస్తుంది. ఓటరు జాబితాలో ఇంటిపేరు ముందు, లైసెన్స్‌లో వెనక, సర్టిఫికెట్‌లో ఒక పొడి అక్షరం. పేర్లు దాదాపు కలిస్తే చాలు, ఒక గడిలో పొడి అక్షరాలు వేయించుకుని ఓటేయనిస్తారు. వెనక్కి పంపబోతే ఆ గడి గురించి మీరే అడగండి. ఫోన్ వాడనివ్వరు కాబట్టి ఎవరికి వేయాలో కాగితం మీద రాసుకెళ్లండి. ఆ కాగితం నిజంగా అవసరం, ఎందుకంటే 2020 నుంచి ఒకే గుర్తుతో పార్టీ మొత్తానికి ఓటేసే పద్ధతి టెక్సస్‌లో లేదు. గవర్నర్ నుంచి రైల్‌రోడ్ కమిషనర్ దాకా, సుప్రీంకోర్టు జడ్జీలు, విద్యా బోర్డు దాటాక గానీ స్టేట్ సెనేటర్ పేరు రాదు. పైన నాలుగు నొక్కి బయటపడేవాళ్ల ఓటు అక్కడిదాకా చేరదు. తెలుగులో బ్యాలట్ ఉండదు గానీ, ఇంగ్లిష్ చదవలేని పెద్దవాళ్లు సాయానికి తమకు నచ్చిన మనిషిని వెంట తెచ్చుకోవచ్చు. పనిచేసే చోట యజమానో, యూనియన్ మనిషో కాకూడదు. సాయం చేసేవాళ్లు అక్కడ ప్రమాణం చేసి సంతకం పెట్టాలి.

మీ అమ్మానాన్నలు 65 దాటితే పోస్టులో ఓటేయొచ్చు. దరఖాస్తు ఎన్నికకు 11 రోజుల ముందే కౌంటీకి చేరాలి, బయలుదేరితే చాలదు. ప్రతి ఏడాదీ కొత్తగా పెట్టాలి, ప్రైమరీకైతే ఏ పార్టీదో గుర్తు పెట్టాలి. ఓట్లు పోయేది ఎక్కువగా కవరు దగ్గరే. 2021 చట్టం తర్వాత కవరు మూత లోపల లైసెన్స్ నంబరో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలో రాయాలి. అది ఓటరు రికార్డులో ఉన్నదానితో కలవాలి. ఆ నియమం వచ్చాక మొదటి రాష్ట్రవ్యాప్త ఎన్నికైన 2022 మార్చి ప్రైమరీలో పోస్టు ఓట్లలో 12 శాతం పైగా తిరస్కరించారు. నమోదప్పుడు ఏ నంబరు ఇచ్చారో గుర్తుండదు కాబట్టి రెండూ రాయించండి.

వాళ్లు ఆ సమయానికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే, విదేశాల్లో ఉన్న ఓటర్ల కోసం ఉన్న ఫెడరల్ పోస్ట్ కార్డ్ దరఖాస్తు పెట్టాలి. అందులో ఒక గడి చాలా ముఖ్యం. తిరిగి వస్తాం అన్నదానికి టిక్ పెడితే పూర్తి బ్యాలట్ వస్తుంది. తిరిగి వచ్చేదీ రానిదీ తెలియదు అన్నదానికి పెడితే టెక్సస్ కేవలం ఫెడరల్ పదవుల బ్యాలట్ పంపుతుంది. స్టేట్ సెనేటర్ అందులో ఉండరు.

డబ్బు విషయం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు అభ్యర్థులకు విరాళం ఇవ్వొచ్చు. హెచ్‌1బీ, ఎఫ్1 వాళ్లు ఏ స్థాయి ఎన్నికకూ ఒక్క డాలరు ఇవ్వకూడదు. రాష్ట్ర ఎన్నికలకు కూడా ఈ ఫెడరల్ నిషేధం వర్తిస్తుంది. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా తలుపులు తట్టడం, ఫోన్లు చేయడం వరకు మీ తమ్ముడు చేయొచ్చు, ప్రచార నిర్ణయాల్లో తలదూర్చకూడదు. 'నా డబ్బు నీ పేరు మీద ఇవ్వు' అన్నది ఇద్దరికీ నేరం. టెక్సస్‌లో ఒక వ్యక్తి సెనేట్ అభ్యర్థికి ఇవ్వగలిగే మొత్తానికి పరిమితి లేదు గానీ కార్పొరేషన్ నుంచి నేరుగా ఇవ్వడం ఫెలొనీ, అంటే తీవ్ర నేరం. కన్సల్టింగ్ కంపెనీలున్న మనవాళ్లు ఫండ్‌రైజర్‌లో కంపెనీ చెక్కు చించి ఇచ్చేస్తుంటారు. సొంత అకౌంట్ చెక్కే ఇవ్వాలి.

ఇక మీ బావగారు. వయసు కనీసం 26, అమెరికా సిటిజన్, ఓటరు, టెక్సస్‌లో ఐదేళ్లు, ఆ డిస్ట్రిక్టులో ఎన్నికకు ముందు ఏడాది నివాసం. పుట్టుకతో సిటిజన్ అవ్వక్కర్లేదు. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2019లో వర్జీనియా సెనేట్‌కు ఎన్నికయ్యారు. అక్కడ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో, 40 సీట్లకూ ఒకేసారి. రాష్ట్రం మారితే నియమాలన్నీ మారతాయి, నెబ్రాస్కాలో అసలు రెండో సభే లేదు. నివాసం దగ్గర పేచీలు ఎక్కువ. 2024లో 30వ డిస్ట్రిక్ట్ ప్రైమరీలో బ్రెంట్ హేగెన్‌బక్ చిరునామా మీద ప్రత్యర్థులు వివాదం లేపారు. ఆయన బ్యాలట్‌లో నిలిచి, రనాఫ్‌లోనూ నవంబర్‌లోనూ గెలిచారు. కానీ ప్రచారం చేసుకోవాల్సిన వారాలు వివరణలకు పోతాయి. ఓటరు నమోదు, లైసెన్స్, హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతింటికి ఇచ్చే ఆస్తి పన్ను తగ్గింపు) మూడూ ఒకే చిరునామా మీద ఏడాదికి ముందే ఉంచుకోవాలి.

వరస తప్పకుండా చేయాల్సిన మొదటి పని, టెక్సస్ ఎథిక్స్ కమిషన్‌లో ప్రచార కోశాధికారిని నియమించే ఫారం వేయడం. అది వేయకుండా డబ్బు తీసుకోకూడదు, ఖర్చూ పెట్టకూడదు. నామినేషన్ ఫీజు కట్టడం కూడా ఖర్చు కిందే లెక్క. తర్వాత నామినేషన్. గడువు అంతకు ముందు డిసెంబర్ రెండో సోమవారం సాయంత్రం 6 గంటలు. ఫీజు 1,250 డాలర్లు. డిస్ట్రిక్ట్ ఒకే కౌంటీలో ఉంటే పార్టీ కౌంటీ అధ్యక్షుడి దగ్గర, ఒకటికి మించి కౌంటీల్లో ఉంటే పార్టీ రాష్ట్ర అధ్యక్షుడి దగ్గర దాఖలు చేయాలి. ఫీజుకు బదులు 500 సంతకాల పిటిషన్ ఇవ్వొచ్చు. డబ్బున్నవాళ్లకు నా సలహా ఫీజు కట్టేయమనే. సంతకాల్లో సగం తలనొప్పి తేదీ వేయకపోవడం, డిస్ట్రిక్ట్ బయటి ఓటరు సంతకం పెట్టడం, సేకరించినవాళ్ల అఫిడవిట్‌కు నోటరీ లేకపోవడం. పిటిషనే దారైతే 700 దాకా సేకరించుకోవాలి.

బ్యాలట్ మీద పేరు కూడా ఆలోచించాలి. పొడుగాటి పేర్లకు టెక్సస్ ఒక వెసులుబాటు ఇస్తుంది. కనీసం మూడేళ్లుగా అందరూ పిలుస్తున్న మారుపేరు, ఒకే మాట, పది అక్షరాల లోపు ఉంటే అసలు పేరుతో కలిపి వేయించుకోవచ్చు. నినాదంలా ఉండకూడదు.

ఇండిపెండెంట్‌గా నిలబడదామనుకుంటే పార్టీ వాళ్లలాగే డిసెంబర్ గడువులోపే ప్రకటన పత్రం వేయాలి. ప్రైమరీ అయ్యాక గానీ సంతకాలు మొదలుపెట్టకూడదు, ప్రైమరీలో ఓటేసినవాళ్ల సంతకం చెల్లదు. ప్రైమరీలో ఓడిపోయి ఇండిపెండెంట్‌గా దిగడం కుదరదు.

గెలిస్తే జీతం ఏడాదికి 7,200 డాలర్లు, నెలకు 600, సమావేశాల రోజులకు భత్యం అదనం. బేసి సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులు ఆస్టిన్‌లో ఉండాలి. సమావేశాలకు 30 రోజుల ముందు నుంచి ముగిసిన 20 రోజుల దాకా విరాళాలు తీసుకోకూడదు. ఉద్యోగం చేసుకుంటూ ఇది చేయాలంటే ఐదు నెలలు వదిలేయగల యజమాని ఉండాలి. బావగారు నామినేషన్ కంటే ముందు మాట్లాడాల్సింది ఆ యజమానితోనే.